అక్షరము – ధ్వని: పసిపిల్లల తొలి చదువు, పంచాయతీ బాధ్యత

గ్రామమున బడి భవనము కట్టుట అందరి కంటికిని కనిపించు పని. గోడలు లేచును, పైకప్పు పడును, ప్రారంభోత్సవము జరుగును. కాని ఆ భవనములో కూర్చున్న ఆరేండ్ల బాలుడు పలకపై వ్రాసిన అక్షరమును చూచి దాని ధ్వనిని పలుకగలుగుచున్నాడా లేదా అను విషయము ఎవరి కంటికిని కనిపించదు. కనిపించని ఈ లోపమే గ్రామమునకు ఎక్కువ నష్టము కలిగించుచున్నది.

రెండవ తరగతి దాటిన పిల్లలకు చదువుట రానిచో, ఆపైన ప్రతి పుస్తకమును వారికి మూసిన పుస్తకమే. లెక్క చేయగల తెలివి ఉండియు, లెక్కను చదివి అర్థము చేసికొనలేక తప్పుదురు. పరిసరముల పాఠములో తమ ఊరి చెరువును గురించియే వ్రాసియున్నను అది వారికి తెలియదు. క్రమముగా వెనుక వరుసకు చేరుదురు; ఒకనాడు బడి మానుదురు. "వానికి చదువు అబ్బలేదు" అని ఊరివారు సరిపుచ్చుకొందురు. నిజమునకు ఆ బాలునకు అబ్బనిది చదువు కాదు. అక్షరమునకును ధ్వనికిని నడుమ పడవలసిన ముడి సకాలమున పడలేదు. అంతియే.

ఈ ముడి ఎట్లు పడును? అది పడినదో లేదో ఉపాధ్యాయుడు కాని పంచాయతీ సభ్యుడు ఎట్లు గుర్తింపవచ్చును? పడనిచో పంచాయతీ చేయదగినదేమి? ఈ మూడు ప్రశ్నలకును ఇచ్చట సమాధానములు విన్నవింపబడుచున్నవి.

వల్లించుట వేరు, చదువుట వేరు

మన వీధిబడులలో ఐదవ యేట ఓనమాలు దిద్దించుట పూర్వాచారము. ఇసుకలో వ్రేలితో గుంట ఓనమాలు దిద్దుచు, దిద్దిన అక్షరమును బిగ్గరగా పలుకుట నాటి పద్ధతి. 1823లో బళ్ళారి జిల్లా కలెక్టరుగానుండిన క్యాంబెల్ దొర ఆ ప్రాంతపు బడులను గూర్చి మద్రాసు ప్రభుత్వమునకు ఒక నివేదిక పంపెను. నేటి అనంతపురము ప్రాంతము కూడ నాడు ఆ జిల్లాలోనిదే. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుటను, ముందున్న పిల్లలు వెనుకనున్నవారికి చెప్పుటను అతడు వర్ణించెను. తోటివారిచే చెప్పించు పద్ధతిని మెచ్చుకొనెను. అయితే బాలురు లెక్కకు మిక్కిలిగా పద్యములను కంఠస్థము చేసియు వాని అర్థము ఎరుగరని చెప్పుచు, వారిని మాటలు నేర్చిన చిలుకతో పోల్చెను.

రెండువందల సంవత్సరములు గడచినను ఈ మాటను మనము గమనింపవలసియే యున్నది. ఇసుకలో వ్రేలు కదలుట, నోరు పలుకుట, కన్ను చూచుట – ఈ మూడును ఒక్కసారి జరుగు పద్ధతి ఎంతయు మంచిది. చెడినది ఎక్కడననగా, చేతిలోని అక్షరమును విడిచి నోరు మాత్రమే ముందుకు పోయినప్పుడు. "అ, ఆ, ఇ, ఈ" అని మొదలిడి "ఱ" వరకు ఒక్క ఊపున అప్పగించు పిల్లవానిని చూచి తల్లిదండ్రులు మురిసిపోవుదురు. కాని నడుమనున్న "త" అను అక్షరమును ఒంటిగా వ్రాసి చూపినచో, అతడు మొదటినుండి పాడుకొనుచు వచ్చి అక్కడ ఆగవలసి వచ్చుచున్నది. అనగా అతనికి వచ్చినది పాట, అక్షరము కాదు. చదువునప్పుడు అక్షరములు వరుసలో రావు. ఏ అక్షరము ఎచ్చట కనబడినను వెంటనే ధ్వని స్ఫురింపవలెను.

తెలుగు అక్షరము యొక్క స్వభావము

తెలుగు పిల్లలకు ఒక గొప్ప సౌకర్యము కలదు. మన అక్షరము పేరును, దాని ధ్వనియు ఒక్కటే. "క" అను అక్షరము పేరు "క". మాటలో దాని పలుకు కూడ "క"యే. ఇంగ్లీషులో అట్లు కాదు. అందు "సి" అను పేరుగల అక్షరము "క్యాట్" అను మాటలో "క" వలెను, "సిటీ" అను మాటలో "స" వలెను పలుకును. అక్షరములు 26 మాత్రమేయైనను ధ్వనులు ఇంచుమించు 44 అని భాషావేత్తలు లెక్కింతురు. కావున ఇంగ్లీషు మాధ్యమముగల బడిలోనైనను "ఎ, బి, సి" అని పేర్లు వల్లించినంత మాత్రమున చదువుట రాదు; ప్రతి అక్షరమునకు గల ధ్వనిని వేరుగా నేర్పవలెను.

మనకు గల కష్టము మరొక విధమైనది. వర్ణమాలలో 56 అక్షరములని సంప్రదాయము. అందు "ఌ, ౡ, ఙ" వంటివి నేటి మాటలలో దాదాపు కనబడవు. వానికై పసివారిని నిలిపివేయనక్కరలేదు. అసలు బరువు గుణింతములలోను ఒత్తులలోను ఉన్నది. హల్లులను 36గా తీసికొని, ఒక్కొక్కదానికి 12 గుణింత రూపములు చేర్చినచో 432 రూపములగును. వీనినన్నింటిని వేరువేరు బొమ్మలుగా గుర్తుంచుకొమ్మనినచో ఎంత తెలివిగల పిల్లవాడైనను బెదరును. 36 హల్లులును, 12 గుర్తులును కలసియే ఇన్ని రూపములైనవని తెలిసికొన్నవాడు 48 విషయములు మాత్రమే నేర్చి మిగిలినవానిని తానే కట్టుకొనగలడు. మంచి బోధనకును, వట్టి వల్లెకును గల భేదము ఇంతటిది.

ముందు చెవి, పిమ్మట కన్ను

అక్షరము చూపుటకు ముందే పిల్లల చెవిని సిద్ధము చేయవలెను. మాటలో ధ్వనులున్నవనియు, వానిని విడదీయవచ్చుననియు పసివారికి సహజముగా తెలియదు. "చిలుక" అనగా వారికి పచ్చని పక్షియే కాని, "చి–లు–క" అను మూడు ముక్కలు కావు.

ఇందులకు కాసు ఖర్చు లేని ఆటలు అనేకము కలవు. మాటను ముక్కలుగా పలుకుచు ఒక్కొక్క ముక్కకు ఒక చప్పట్లు కొట్టించుట మొదటిది. "తా–త"కు రెండు, "వా–కి–లి"కి మూడు, "త–ల–గ–డ"కు నాలుగు. ఒకే ధ్వనితో మొదలగు మాటలను చెప్పించుట రెండవది: కాకి, కాలు, కాయ, కాడి. భిన్నమైనదానిని ఏరించుట మూడవది: "పడవ, పలక, తడక" – వీనిలో వేరుగా మొదలగునది ఏది? చివరి ధ్వనితో మరొక మాట ఎత్తుకొనుట నాలుగవది. మన అంత్యాక్షరి ఆటయే అది. జోలపాటలు, పొడుపుకథలు, చెమ్మచెక్క పాటలు కూడ చెవికి ఈ శిక్షణనే ఇచ్చును. అంగన్‌వాడీలో మూడు నుండి ఐదేండ్ల పిల్లలకు ఇదియే సరియైన చదువు. ఆ వయస్సున గంటల తరబడి పలక పట్టించి దిద్దించుట వలన లాభము లేదు.

తెలుగునందు చెవి పట్టవలసిన ముఖ్యభేదము హ్రస్వ దీర్ఘములది. మెడ – మేడ, పడి – పాడి, గది – గాది, ఇల – ఈల, పలు – పాలు. ఈ జంటలను వినిపించి, ఏది పొట్టిదో, ఏది పొడుగుదో చేతులు దగ్గరగాను దూరముగాను చాపి చూపుమనవలెను. ఈ భేదము చెవికి పట్టిన పిల్లలకు పిమ్మట దీర్ఘము, ఏత్వము గుర్తులు సుళువుగా ఒంటపట్టును. చెవికి పట్టనివారికి అవి కారణము లేని గీతలుగానే తోచును.

ఏడు అక్షరములు, పదునాలుగు మాటలు

అక్షరములను వర్ణమాల వరుసలోనే నేర్పవలెనను నియమము లేదు. నిఘంటువు చూచుటకు వరుస కావలెను; అది పిమ్మట నేర్పవచ్చును. చదువుటకు కావలసినవి మాటలు కట్టగల అక్షరములు. కొద్ది అక్షరములు నేర్వగానే మాట చదువగలిగినచో పిల్లలకు కలుగు ఉత్సాహము ఇంతింత కాదు.

ఒక ఉదాహరణము చూడుడు. ముందుగా "ప, ల, క, త" అను నాలుగు అక్షరములను నేర్పిరనుకొనుడు. అంతటితోనే "పలక, కలప, తల, కల" అను నాలుగు మాటలు చదువవచ్చును. "డ, గ" చేర్చినచో "గడప, కడప, పడక, పడగ, తడక, తలగడ" అను ఆరు మాటలు వచ్చును. కొన్ని దినములైన పిమ్మట "వ" చేర్చినచో "వల, వడ, పడవ, కడవ" అను మరి నాలుగు. ఏడు అక్షరములతో పదునాలుగు మాటలు! అందు అన్నియు పల్లె ఇంట వినబడునవే. "గడప, కడప" అను మాటలను ప్రక్కప్రక్కన వ్రాసినచో "గ, క" ధ్వనుల భేదము తానే తెలియును.

ఇందు "ప"ను ముందును "వ"ను చివరను ఉంచుటకు కారణము కలదు. ఆ రెంటి రూపములును పోలియుండును. పోలికగల అక్షరములను ఒకేనాడు చెప్పినచో పిల్లలు తారుమారు చేయుదురు. "మ, య"లును, "ద, డ, ధ"లును, "ప, ష"లును అట్టివే. ఒకటి స్థిరపడిన తరువాతనే రెండవది చూపి, అప్పుడు రెంటిని ప్రక్కన నిలిపి, భేదము పిల్లలచేతనే చెప్పింపవలెను.

ప్రతి అక్షరమునకును నాలుగు అడుగులు పాటించినచో చాలును. వస్తువును చూపి మాట పలికించుట. ఆ మాటలో నేర్పదలచిన ధ్వనిని వినిపించుట. ఆ ధ్వనికి అక్షరమును చూపి దిద్దించుట. వచ్చిన పాత అక్షరములతో కలిపి క్రొత్త మాట చదివించుట. ఈ నాలుగవ అడుగును మరచుటయే తరచుగా జరుగు లోపము. అక్షరము వచ్చినది, మాట రాలేదు అను స్థితి అందువలననే కలుగుచున్నది.

గుణింతము పాట కాదు

"క, కా, కి, కీ" అని గుణింతము వల్లించుట వినుటకు ఇంపుగా నుండును. అయితే ఆ వరుసనుండి "కె"ను వేరుచేసి చూపినచో తడుముకొను పిల్లలు పెక్కుమంది. దీనికి మందు ఒక్కటే. ఒక హల్లునకు అన్ని గుర్తులు చెప్పుటకు బదులు, ఒక గుర్తును వచ్చిన హల్లులన్నింటికిని చేర్చి చూపవలెను.

పై ఏడు అక్షరములకు దీర్ఘము చేర్చినచో "తాత, పాప, పాక, వాడ, కాలవ" వచ్చును. గుడి చేర్చినచో "గిలక, పిలక, తడి, పిడికిలి" వచ్చును. దీర్ఘమును గుడియు కలసినచో "కాకి, గాలి, వాకిలి". కొమ్ము చేరినచో "పులి, గుడి, కలువ, తలుపు". ఈ విధముగా గుర్తు ఎక్కడ చేరినను ధ్వనిని ఒకే విధముగా మార్చునని పిల్లలు తామే గ్రహింతురు. అప్పుడు "మ" అను క్రొత్త అక్షరము చెప్పినవెంటనే "మా, మి, ము" అని ఎవరును చెప్పకయే చదువుదురు. నేర్చిన దానితో నేర్వనిదానిని కట్టుకొనుట అనగా ఇదియే.

నియమము తప్పిన రూపములు కొన్ని కలవు. "పు, వు"లలో కొమ్ము "కు"లో వలె ప్రక్కన గాక అడుగునుండి వచ్చును. "మొ, యొ"లలో ఒత్వము రూపము మారును. వీనిని నియమము స్థిరపడిన పిమ్మట ప్రత్యేకముగా చూపవలెను. ముందే చూపినచో నియమము నిలువదు.

ఒత్తుల దగ్గర ఆగుపిల్లలు

గుణింతములు దాటి ఒత్తుల వద్ద చతికిలబడు పిల్లలు అనేకులు. ఇచ్చటను చెవియే మొదటి గురువు. గుడి – గుడ్డి, గడి – గడ్డి, కల – కల్ల అను జంటలను వినిపించి భేదము పట్టింపవలెను. అదే అక్షరము అడుగున చేరు జంట ఒత్తులు ముందు. వేరు అక్షరము చేరు సంయుక్తములు తరువాత.

పెద్దలమైన మనము మరచిన చిక్కు ఒకటి ఇందు కలదు. "శక్తి" అను మాటలో గుడి గుర్తు "క" నెత్తిమీద ఉన్నది. కాని పలుకునప్పుడు ఆ "ఇ"కారము అడుగునున్న "త"కు తరువాత వచ్చుచున్నది. కంటికి కనబడు వరుస వేరు, నోటికి వచ్చు వరుస వేరు. అందుచేత పిల్లలు "శకిత" అని చదువుట తెలివితక్కువ కాదు. కనబడినది కనబడినట్లు చదివిరి. పైది, క్రిందిది, అటుపైన గుర్తు అను క్రమమును వ్రేలితో చూపుచు రెండుమూడు వారములు అభ్యసింపజేసినచో ఈ చిక్కు విడిపోవును. "త, న, మ, య, ర, ల" ఒత్తుల రూపములు అసలు అక్షరములవలె నుండవు గనుక వీనిని వేరుగా నేర్పవలెను. మిగిలిన పెక్కు ఒత్తులు తలకట్టు తీసిన అక్షరములే.

వ్రాత విషయము

తెలుగు లిపి గుండ్రని లిపి. సున్నలును వంపులును తిప్పుటకు వ్రేళ్ళలో పట్టు రావలెను. బంకమట్టితో బొమ్మలు చేయుట, పూలు గ్రుచ్చుట, చింతపిక్కలను అక్షరపు గీతపై పేర్చుట ఇందులకు సాయపడును. ఆపై ఇసుకలో గాని పళ్ళెములోని బియ్యముపై గాని వ్రేలితో పెద్దగా దిద్దించి, తరువాతనే పలకకును, అటుపైన కాగితమునకును రావలెను. దిద్దునప్పుడు ధ్వనిని పైకి పలికింపవలెను. మాటలేకుండ ఒక అక్షరమును నూరుసార్లు వ్రాయించుట చేతికి శిక్షయే కాని మనస్సునకు శిక్షణ కాదు.

ఇంటి పలుకు, బడి పలుకు

పల్లెలలో పెక్కు ఇండ్లలో "భాష" అనుటకు "బాస" అనియు, "కళ్ళు" అనుటకు "కల్లు" అనియు పలుకుట కలదు. అట్లు పలుకు పిల్లలను నవ్వులపాలు చేసినచో వారు నోరు మెదపుటయే మానుదురు. నోరు మూసికొన్న పిల్లలకు ధ్వని నేర్పుట అసాధ్యము. "మీ ఇంట ఇట్లందురు, పుస్తకములో ఇట్లుండును" అని రెంటిని గౌరవముతో చెప్పిన చాలును. ఒత్తక్షరములు మొదటి తరగతి నాటికే సరిగా పలుకవలెనను పట్టుదల అనవసరము.

ఇంటి భాష తెలుగు కాని పిల్లల విషయము మరింత శ్రద్ధ వహింపదగినది. కోయ, గోండు, సవర, లంబాడీ, ఉర్దూ మాటలాడు పిల్లలు మన గ్రామములలో కలరు. అట్టి పసివానికి "గడప" అను మాట వినిపించినను వస్తువు మనస్సున మెదలదు. ముందు మాట, తరువాత ధ్వని, ఆపైన అక్షరము అను క్రమము ఇచ్చట తప్పరాదు. 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, సవరల భాష నేర్చి, అందు వాచకములు సిద్ధము చేసి, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పుటకు తమ సొమ్ముతో బడులు నడిపిరి. వారి జన్మదినమైన ఆగస్టు 29ని నేడు తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. ఆ భాష తెలిసిన తల్లినో, అక్కనో బడికి పిలిచి నెలకు కొన్ని దినములైనను పిల్లలతో కూర్చుండబెట్టుట ఆ మహనీయుని మార్గమున నడచుటయే యగును.

సభ్యుడు తెలిసికొను విధము

పిల్లలకు చదువుట వచ్చినదో లేదో తెలిసికొనుటకు పంచాయతీ సభ్యునకు పెద్ద చదువు అక్కరలేదు. పలక, సుద్దముక్క, పది నిమిషముల ఓర్పు ఉన్న చాలును. ఉపాధ్యాయునితో చెప్పి, వారి సమక్షముననే, ఒక్కొక్క పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఈ క్రింది విధముగా చూడవచ్చును.

మొదటిది: వరుస తప్పించి పది అక్షరములు వ్రాసి, ఒక్కొక్కటి చూపి పలుకుమనుట.

రెండవది: పాఠములో లేని చిన్న మాటలు వ్రాసి చదువుమనుట. తడక, గిలక, వాకిలి వంటివి తగును.

మూడవది: అర్థములేని కూర్పులు, "లపక, తగిడ" వంటివి, ఆటగా చదివించుట. మాటను బొమ్మవలె గుర్తుంచుకొన్నవాడు ఇచ్చట ఆగును. ధ్వని తెలిసినవాడు నవ్వుచు చదువును.

నాలుగవది: రెండు వాక్యములు చదివించి, చదివినదేమో తన మాటలలో చెప్పుమనుట.

మొదటి తరగతి ముగియునాటికి మొదటి మూడును, రెండవ తరగతి ముగియునాటికి నాలుగవదియు రావలెనని ఆశించుట న్యాయము. పుస్తకములోని పాఠమును చదివించి తృప్తిపడరాదు. పెక్కుమంది పిల్లలు ఆ పాఠమును విని విని కంఠస్థము చేసియుందురు; పుట తలక్రిందులుగా పట్టుకొనియు అప్పగింపగలరు.

ఒక హెచ్చరిక. ఇది పరీక్ష కాదు. పిల్లవానిని పదిమందిలో నిలబెట్టుటకు గాని, ఉపాధ్యాయునిపై నేరము మోపుటకు గాని ఉద్దేశింపబడినది కాదు. ఒక గదిలో రెండుమూడు తరగతులకు చెప్పుచున్న ఉపాధ్యాయుని కష్టము కూడ అప్పుడే తెలియును. ఎందరు పిల్లలు ఏ మెట్టు వద్ద ఆగిరో లెక్క తెలిసినచో, ఏ సాయము కావలెనో తెలియును.

పంచాయతీ బాధ్యతలు

"చదువు చెప్పుట ఉపాధ్యాయుని పని, మాకేమి సంబంధము?" అని కొందరు సభ్యులు తలంతురు. చట్టము అట్లు చెప్పుట లేదు. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ద్వారా చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు గలవు. ప్రాథమిక విద్య, గ్రంథాలయములు, స్త్రీ శిశు సంక్షేమము వానిలోనివే. 2010 ఏప్రిల్ 1నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము స్థానిక సంస్థల విధులను వివరించుచున్నది. తమ పరిధిలోని 14 సంవత్సరముల లోపు పిల్లల వివరములను నమోదు చేసి ఉంచుట, వారి ప్రవేశమును హాజరును గమనించుట, వలస కుటుంబముల పిల్లలను బడిలో చేర్పించుట అందలి విధులలోనివి. బడి యాజమాన్య సంఘమున మూడువంతులు తల్లిదండ్రులుండవలెననియు, స్థానిక సంస్థ ప్రతినిధియు ఉండవలెననియు ఆ చట్టము నిర్దేశించుచున్నది.

మూడు నుండి ఎనిమిదేండ్ల వయస్సును చదువునకు పునాది దశగా 2020 జాతీయ విద్యావిధానము గుర్తించినది. మూడవ తరగతి ముగియునాటికి ప్రతి పిల్లవాడును అర్థవంతముగా చదువగలుగవలెనను లక్ష్యముతో 2021 జూలై 5న నిపుణ్ భారత్ కార్యక్రమము ప్రారంభమైనది. ఢిల్లీలోను రాజధానులలోను ఏర్పడిన లక్ష్యములు నెరవేరునది మాత్రము ఊరి బడిలోని చాపమీదనే. కావున పంచాయతీ చేయదగిన పనులు కొన్ని దిగువ సూచింపబడుచున్నవి.

1. మూడు నుండి ఎనిమిదేండ్ల పిల్లలందరి పేర్లతో ఒక పుస్తకము ఉంచవలెను. ఎవరు అంగన్‌వాడీకి, ఎవరు బడికి పోవుచున్నారో, ఎవరు ఎచ్చటికిని పోవుట లేదో అందు కనిపింపవలెను.

2. పనులకై వలసపోవు కుటుంబముల పిల్లలపై ప్రత్యేక దృష్టి ఉండవలెను. గుణింతములు చెప్పుచున్న నెలలలో ఊరు విడిచిన పిల్లలు తిరిగి వచ్చునప్పటికి తరగతి ఒత్తులు దాటిపోవును. తాత, అవ్వల వద్ద పిల్లలను నిలుపుటకు గాని, తిరిగి వచ్చినవారికి విడిచిన భాగము చెప్పించుటకు గాని ఏర్పాటు కావలెను.

3. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవలలో ఆహారముతోపాటు మూడు నుండి ఆరేండ్ల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్యయు ఒక భాగము. అంగన్‌వాడీకి పోయినప్పుడు గ్రుడ్లు, పాలు లెక్కించి వచ్చుట చాలదు. నేడు ఏ పాట పాడించిరి, ఏ ఆట ఆడించిరి అనియు అడుగవలెను.

4. పంచాయతీ కార్యాలయపు గోడపైనను, రచ్చబండ వద్దను, నీళ్ళ ట్యాంకుపైనను పిల్లల కంటి ఎత్తున, పెద్ద అక్షరములతో, తేలిక మాటలు వ్రాయించవలెను. వారమునకొకసారి మార్చుటకు ఒక నల్లబల్ల ఉన్న మరియు మేలు. ఊరి వీధుల పేర్లు, పంటల పేర్లు, చెట్ల పేర్లు వ్రాసినచో వీధియే వాచకమగును.

5. సాయంకాలమున ఒక గంట, దీపము వెలుగు గల చోట, పై తరగతుల బాలబాలికలు చిన్నవారిని కూర్చుండబెట్టుకొని చదివించు ఏర్పాటు చేయవచ్చును. మన వీధిబడులలోని పాత పద్ధతియే ఇది.

6. వినికిడి, చూపు పరీక్షలు మరువరాదు. చెవి సరిగా వినని బాలునకు "ప, బ"ల భేదము ఎట్లు తెలియును? 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వచ్చు వైద్య బృందమునకు, చదువులో వెనుకబడిన పిల్లలను ముందుగా చూపవలెను.

7. ఏడాదికి రెండు పర్యాయములైనను గ్రామసభలో రోడ్లు, మురుగు కాలువలతోపాటు "మన పిల్లలలో చదువగలవారెందరు?" అను విషయమును చర్చింపవలెను. పేర్లు చదువరాదు, లెక్క మాత్రము చెప్పవలెను.

చదువురాని తల్లిదండ్రులు తమవలన నేమియు కాదని నిరాశ చెందుదురు. వారికి సభ్యులు ధైర్యము చెప్పవలెను. కథ చెప్పుటకు, పొడుపుకథ వేయుటకు, చప్పట్లతో మాట విడదీయుటకు అక్షరజ్ఞానము అక్కరలేదు. రాత్రి భోజనమైన పిమ్మట పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని "నేడు నేర్చిన మాట నాకు చదివి వినిపింపుము" అని తల్లి అడిగినచో, ఆ ఒక్క మాటయే ఆ బిడ్డకు పెద్ద ప్రోత్సాహము.

అక్షరమును చూచి ధ్వని పలుకుట చిన్న విద్యయే. కొద్ది నెలల శ్రద్ధతో పట్టుబడును. కాని పట్టుబడవలసిన వయస్సున పట్టుబడనిచో, తరువాత పది సంవత్సరములు ఎంత వ్యయపరచినను ఆ లోటు పూడ్చుట కష్టము. చెరువు గట్టుకు చిన్న గండి పడినప్పుడే తట్టెడు మట్టి వేసి నిలుపుదుము గాని, ఊరు మునుగువరకు ఊరకుండము గదా! మొదటి తరగతి గదిలో పడు గండియు అట్టిదే. పంచాయతీ సభ్యులు ఈ మాసముననే ఒకనాడు తమ ఊరి బడికి పోయి, నేలమీద పిల్లల ప్రక్కన కూర్చుండి, పలకపై "తలగడ" అని వ్రాసి చదువుమందురు గాక. ఎందరు చదివిరో లెక్క వ్రాసికొందురు గాక. తక్కిన పని ఆ లెక్క నుండియే మొదలగును.